సున్నంలో మిగిలిన పాదాలు

పురుళ్ళు కాచే తవెరెత్ తల్లి గూట్లో లేదు. ఆమె పాదాలు మాత్రం సున్నంలో అతుక్కుని అక్కడే ఉన్నాయి.

హునెరో చేతిలోని తేనెరొట్టె పళ్ళెం కింద పెట్టి, మోకాళ్ళమీద కూలబడి మళ్ళీ చూసింది. సింహం పంజాల్లాంటి రెండు పాదాలు. చీలమండల దగ్గర పుటుక్కున విరిగాయి. విరిగినచోట పాలరాయి ఉప్పుగడ్డలా మెరుస్తోంది. పైన ఉండాల్సిన నీటిగుర్రం మొహం, వేలాడే రొమ్ములు, నిండు చూలాలి పొట్ట ఏవీ లేవు.

వెనక గదిలో కోడలు వాబెత్ నిద్రలో మూలిగింది. నెలలు నిండాయి. ఇవాళో రేపో అన్నట్టుంది. ఇదివరకటి రెండు కాన్పుల్లోనూ బిడ్డ ఏడవలేదు. ఇద్దర్నీ గుడ్డల్లో చుట్టి, చిన్న బుట్టల్లో పెట్టి, ఊరికి తూర్పున కొండవాలులో పూడ్చి వచ్చారు. ఈసారీ అదే జరిగితే ఆ పిల్ల తట్టుకోలేదు. కొడుకు ఆనీ రాజుగారి పనిమీద ఉత్తరాన రాతిగనులకు పోయి ఇంకా తిరిగి రాలేదు. వాడు వచ్చి గుమ్మంలో నిలబడి అడిగితే ఏం చెప్పాలి? తల్లి కాపలా లేని ఇంట్లో పురుడు పోశామని చెప్పాలా?

అప్పుడు అరిచింది హునెరో.

ఆ ఊళ్ళో ఇళ్ళన్నీ ఒకే గోడను పంచుకుని ఉంటాయి. ఒకింట్లో దగ్గితే మూడో ఇంట్లో మంచినీళ్ళు కావాలా అని అడుగుతారు. అరుపు విని సందులో ఉన్నవాళ్ళంతా ముందుగదిలోకి వచ్చేశారు. డాబామీద పడుకున్న ఇపుయ్ మెట్లు దిగి వచ్చాడు. అతను ఆమె భర్త, రాజుగారి సమాధి తొలిచే రాతిపనివాడు.

"ఏమైందే?" అన్నాడు.

"తల్లి పోయింది. నువ్వు చేసిన తల్లి. ఎవరో విరగ్గొట్టి పట్టుకుపోయారు."

ఇపుయ్ గూటివైపు చూడలేదు. భార్య మొహంవైపే చూశాడు. తర్వాత వెనక గది తలుపువైపు చూశాడు.

"కాళ్ళిక్కడ వదిలేసి ఎక్కడికి నడిచిందమ్మా?" అంది ఎదురింటామె, గూట్లోకి తొంగిచూసి.

"నీ ఇంటికే వచ్చిందేమో చూసుకో" అంది హునెరో. "అరువు తీసుకెళ్ళి తిరిగి ఇవ్వని వస్తువులన్నీ అక్కడే కదా ఉంటాయి."

ఎవరో కిసుక్కున నవ్వారు. హునెరోకి మాత్రం ఒళ్ళంతా ముళ్ళు దిగినట్టుంది. ఆమె చూసుకునే ఇంట్లోనే దేవత చోరీ అయింది. ఇన్నేళ్ళలో ఆ సందులో ఎవరింట్లోనూ జరగలేదది. ఈ ఇంటి ఇల్లాలు దేవతను కూడా కాపాడుకోలేదని రేపటినుంచి నీళ్ళు మోసుకొచ్చే గాడిదల దగ్గర చెప్పుకుంటారు.

వీధితలుపు గడియ చెక్కుచెదరలేదు. మరి తెల్లవారకముందు ఈ గదిలోంచి నడిచింది ఎవరు? అప్పుడే వెనక వాకిట్లోంచి రాతిమీద రాయి రాసే చప్పుడు వినిపించింది. చప్పుడు ఆగింది. మోచేతులదాకా పిండి అంటిన షెరీత్ గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

షెరీత్, రాజుగారి కొలువువాళ్ళు ఊరికి కేటాయించిన దాసీ. వంతులవారీగా ఇంటింటికీ వెళ్ళి బార్లీ నూరి పెడుతుంది. ఇవాళ హునెరో వంతు. చీకటుండగానే వచ్చి, నిద్రకళ్ళతో హునెరో గడియ తీస్తే ముందుగదిలోంచి నడిచి, నూరే రాయి దగ్గరికి వెళ్ళింది. ఇంతవరకూ అందరికీ తెలిసిన సంగతే. హునెరోకి తెలిసింది ఇంకొకటి ఉంది. నెల కిందట షెరీత్ ఆ గూటిముందు నిలబడి, "ఈ తల్లి చల్లగా లేదమ్మా. పొట్ట ఉంది గాని, దయ లేదు" అంది. ఆ తర్వాత వాబెత్ నడుముకి ముడులేసిన నార తాడొకటి కనిపించింది. కాన్పు సుఖంగా కావాలని షెరీత్ కట్టిందట. మా ఇంట్లో దేవతలకి కరువొచ్చిందా అని హునెరో ఆ రోజంతా సణిగింది. కోడలు మాత్రం తాడు విప్పలేదు. ఆ కోపం అప్పటినుంచీ కడుపులో పులుస్తూనే ఉంది.

"నా తల్లిని ఏం చేశావే?" అంది హునెరో.

షెరీత్ చేతులకున్న పిండి దులుపుకుంది. "నూరేశాననుకున్నారా అమ్మగారూ? రండి, రాయి ఎత్తి చూడండి. రొట్టెలో రాయి తగిలితే నన్ను తిడుదురు గాని."

"వేళాకోళాలొద్దు. దయలేని తల్లి అన్నావు నువ్వు."

"అన్నాను. దయలేదన్నవాళ్ళంతా దొంగలైతే, ఈ సందులో అందరూ దొంగలే. మీ గురించి ఆ మాట అననివాళ్ళెవరు?"

నవ్వు మళ్ళీ లేచింది. ఈసారి అది హునెరోమీద. ఆమెకి చెవులు కాలాయి.

"ఇదే తీసింది" అంది. "నేను చూశాను."

ఆమె చూడలేదు. ఆ మాట నోరుదాటాక వెనక్కి తీసుకునే వీలు లేకపోయింది. 

రాతిపనివాళ్ళ మేస్త్రీ పెన్నుబ్ వచ్చి విషయం విన్నాడు. గడ్డం గీరుకుని, "ఇవాళ దేవుడు ఎలాగూ బయటికొస్తున్నాడు. ఆయన్నే అడుగుదాం. మన నోళ్ళెందుకు పాడు చేసుకోవడం" అన్నాడు.

ఊరి దేవుడంటే ఎప్పుడో ఈ ఊరు కట్టించిన రాజు. చనిపోయాక దేవుడయ్యాడు. పండగరోజున ఆయన విగ్రహాన్ని పల్లకిలో పెట్టి ఊరివాళ్ళే మోస్తారు. ఎవరికి ఏ తగువున్నా ఆయన ముందు చెప్పుకుంటారు. ఔనంటే పల్లకి ముందుకు నడుస్తుంది. కాదంటే వెనక్కి పోతుంది. బోయీలు నడిపించరు. దేవుడు ఒరిగినవైపు కాళ్ళు పోతాయి, అంతే. మోసేముందు గుండు చేయించుకుని, తెల్లబట్ట కట్టుకుని, ఈ అడుగులు నావి కావని ప్రమాణం చేస్తారు. పల్లకి ముందు కుడికొమ్ము ఇపుయ్‌ది. జుట్టు నెరవకముందునుంచీ ఆ చోటు అతనిదే. ఆ సంగతి హునెరో పుట్టింటివాళ్ళకి ఎన్నిసార్లు చెప్పుకుందో లెక్కలేదు.

ఎండ ఎక్కాక దేవుడు సందు చివర గుడిలోంచి బయటికి వచ్చాడు. పెన్నుబ్ ఎదురుగా నిలబడి చేతులెత్తాడు.

"మా మంచి దొరా, ఇపుయ్ ఇంటి తల్లిని ఎత్తుకుపోయింది బయటివాడా?"

పల్లకి వెనక్కి జరిగింది.

"ఈ ఊరి మనిషేనా?"

పల్లకి ఆగింది. ఒక్కసారి ఊగింది.  తర్వాత మెల్లగా ముందుకు వచ్చింది.

"నూరే దాసీ షెరీతా?"

పల్లకి ఉన్నచోటే వెనక్కీ ముందుకీ ఊగింది. ఇపుయ్ గుండుమీంచి చెమట కారి కంట్లో పడుతోంది. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. అతని కుడి మడమ లేచింది. కొమ్ము ముందుకు వంగింది. ఆ వెనకే మిగతావాళ్ళ కాళ్ళు కదిలాయి. దేవుడు షెరీత్ మీదికి వచ్చేశాడు.

హునెరోకి సంతోషమేసింది. తన మాట నిలబడింది. ఇందాక నవ్వినవాళ్ళంతా తలలు దించారు. ఆ సంతోషం ఎంత తియ్యగా ఉందో ఆమెకి తర్వాత చాలాకాలం గుర్తుండిపోయింది.

షెరీత్ దేవుడి మొహంవైపు చూడలేదు. బోయీల కాళ్ళవైపు చూసింది. "దేవుడికి నా పేరు తెలుసన్నమాట" అంది. "నేనెప్పుడూ ఆయన్ని ఏమీ అడగలేదే." కాపలావాడు మణికట్లు కడుతుంటే హునెరోవైపు తిరిగింది. "అమ్మగారూ, మీ కోడలి పురిటికి వస్తానని మాటిచ్చాను. నొప్పులొస్తే కబురంపండి. చేతులు కట్టేసినా, ఆనుకోవడానికి నా వీపు ఖాళీగానే ఉంటుందిగా."

రేపు ఆమెని ఏరు దాటించి మంత్రిగారి కొలువుకు తీసుకెళ్తారు. అక్కడ కర్రలతో అడుగుతారు. దొరకని వస్తువు దొరికేదాకా అడుగుతూనే ఉంటారు.

నొప్పులు మధ్యాహ్నమే మొదలయ్యాయి.

మంత్రసాని రుయ్యా అవ్వ నూనెగిన్నెతో వచ్చింది. వెనక గది గోడమీద రంగులతో వేసిన మరుగుజ్జు బెస్ దేవుడు నాలుక బయటపెట్టి, కత్తి పట్టుకుని దెయ్యాలను అదిలిస్తున్నాడు. వాబెత్ గోడకి ఆనుకుని నిలబడింది. నార తాడు ముడిని గుప్పిట్లో పట్టుకుంది.

"షెరీత్ ఏది?" అంది.

రుయ్యా అవ్వ నూనెగిన్నె కింద పెట్టింది.

"అత్తా, షెరీత్ ఏది? పొద్దున ఆగిన నూరే చప్పుడు మళ్ళీ వినబడలేదు."

"వేరేవాళ్ళ వంతేమో. నువ్వు ముందు కాన్పు ఇటుకలెక్కి కూర్చోమ్మా" అంది హునెరో.

"వెనక ఆమె వీపు ఆనకుండా నేనెక్కను."

"ఓసి నీ అఘాయిత్యం కూలా" అంది రుయ్యా అవ్వ. "ఈ ఊళ్ళో సగంమందిని పట్టుకుని బయటికి లాగిన చేతులు ఇవి. నిన్ను పట్టుకోలేవా?"

"నీ చేతుల్లోనే కదవ్వా, రెండుసార్లూ..." అని వాబెత్ ఆగిపోయింది. ముసల్దాని మొహం చూసి తనే ఏడ్చింది. "తప్పయింది. కానీ నేనెక్కను. షెరీత్ చెప్పింది, భయమేసినప్పుడు నా వీపుకి ఆనుకో అని. నాకిప్పుడు భయమేస్తోంది."

రుయ్యా అవ్వ హునెరోని పక్కకి లాగింది. "ఇలా బిగదీసుకుంటే బిడ్డ దిగదు. పోయినసారీ ఇదే జరిగింది. పోయి దాన్ని తీసుకురా."

"ఎలా తెస్తాను? దేవుడు చూపించాడుగా."

"దేవుడు మగవాడు. ఆయనకి పురుళ్ళ సంగతి తెలీదు. ముందు ఆ చాప తియ్యి, ఇటుకలు గోడవైపుకి జరుపుదాం."

హునెరో చాప ఎత్తింది. తలవైపున, నేలకి గోడకి మధ్య ఏదో తడిగా చేతికి తగిలింది. బయటికి తీసింది. ఏటి ఒండ్రుతో చేసిన చిన్న బొమ్మ. నీటిగుర్రం మొహం, నిండు పొట్ట, పొట్టమీద చేతులు. తవెరెత్ తల్లే. ఎవరో హడావుడిగా చేశారు. ఒక చెవి చిన్నది, ఒకటి పెద్దది. ఇంకా ఆరలేదు. అడుగున ఒక బొటనవేలి ముద్ర ఉంది. ఖర్జూర గింజమీద గీతలా, ముద్ర మధ్యలో నిలువునా ఒక చీలిక.

ఆ చీలిక ఆమెకి తెలుసు. వయసులో ఉన్నప్పుడు ఉలి జారి ఇపుయ్ బొటనవేలు చీలింది. పొయ్యి గట్టుమీద, కల్లుజాడీ మూతమీద, గూటికి పూసిన సున్నంలో, ఆ ఇంట్లో అతను చెయ్యి పెట్టినచోటల్లా ఆ ముద్ర ఉంది. ఇన్నేళ్ళు దాన్ని తుడిచింది హునెరోయే.

ఆమెకి పొద్దున్న భర్త గూటివైపు చూడకపోవడం గుర్తొచ్చింది. ఆ తర్వాత అతని కుడి మడమ గుర్తొచ్చింది. అది ముందు లేచింది. దేవుడు ఆ తర్వాత కదిలాడు.

ఆమె బొమ్మను పైబట్టలో దాచుకోలేదు. చేత్తో పట్టుకునే వెనక వాకిట్లోకి వెళ్ళింది. ఇపుయ్ నూరే రాయి పక్కన కూర్చుని ఉన్నాడు. పనిముట్ల సంచి ఒళ్ళో ఉంది. పండగపూట పనిముట్లతో ఏం పని?

"ఇది ఎండలో పెట్టాల్సింది" అంది హునెరో, బొమ్మ చూపించి. "తడి బొమ్మ పగులుతుంది."

ఇపుయ్ బొమ్మవైపు చూశాడు. "వ్యవధి లేకపోయింది" అన్నాడు.

"పాదాలు ఎందుకొదిలావ్?"

"రాలేదు. నేను వేసిన సున్నం కదా, గట్టిది." అంతలోనే గొంతు తగ్గించాడు. "మెల్లగా మాట్లాడవే. గోడలకి చెవులున్నాయి."

"ఎందుకు పగలగొట్టావ్?"

ఇపుయ్ సంచి తాడు వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉన్నాడు. లోపల్నుంచి వాబెత్ కేక వినిపించింది. ఇద్దరూ ఉలిక్కిపడ్డారు.

"అది షెరీత్ కావాలంటోంది" అంది హునెరో. "నేను పోయి పెన్నుబ్‌తో చెప్తాను. నేను చూడలేదని, అబద్ధమాడానని చెప్తాను. వదిలేస్తారు."

"వదలరు" అన్నాడు ఇపుయ్. "నువ్వు అబద్ధమాడితే ఏముంది, ఆడదానికి కోపమొచ్చి ఏదో అందంటారు. కానీ దేవుడు అడుగేశాడు. దేవుడేసిన అడుగుని నువ్వెలా వెనక్కి తిప్పుతావ్?"

"అది దేవుడేసిన అడుగేనా?"

ఇపుయ్ రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. ఆ చీలిన బొటనవేలు కణతని నొక్కుతోంది. ముప్పైయేళ్ళకి పైగా పక్కన పడుకున్న మనిషి. ఆమె అతని చేతులు పట్టుకుని మొహంమీంచి లాగాలనుకుంది, లాగలేదు. అతని సిగ్గుని చూడటం తనకీ సిగ్గుగానే ఉంది.

"పొద్దున దేవుడు షెరీత్ మీదికి నడిచినప్పుడు నాకెంత బాగుందో తెలుసా?" అందామె. "దాన్ని కట్టేస్తుంటే నా చెవుల్లో చల్లగా అనిపించింది. అది నా సిగ్గు. నేను మోస్తాను. నీది నువ్వు మొయ్యి. నీకు మోయడం అలవాటేగా."

"నేను చెప్తే నన్నేం చేస్తారో నీకు తెలీదు. ఇది ఒక్క బొమ్మ సంగతి కాదు."

"మరేంటి?"

"అక్కడే చెప్తాను. రెండుసార్లు చెప్పేంత దమ్ము లేదు నాకు."

లోపల వాబెత్ మళ్ళీ అరిచింది. ఈసారి అరుపులో షెరీత్ పేరుంది. ఇపుయ్ సంచి భుజానికి తగిలించుకున్నాడు. దేవుణ్ణి మోసిన భుజమే. హునెరో బొమ్మను ఎండలో గట్టుమీద పెట్టి అతని వెనకే నడిచింది. సందులో తలుపులన్నీ తెరిచే ఉన్నాయి. ఎదురింటామె ఏదో అడగబోయి, వాళ్ళ మొహాలు చూసి మానేసింది.

ఊరి వాకిలి దగ్గర, గోడ నీడలో, షెరీత్ నేలమీద కూర్చుని ఉంది. మణికట్లకి తాడు. పెన్నుబ్, కాపలావాడు ఉల్లిపాయ నంజుకుంటూ బార్లీకల్లు తాగుతున్నారు.

"రావయ్యా ఇపుయ్" అన్నాడు పెన్నుబ్. "మనవడా, మనవరాలా?"

"ఇంకా కాలేదు."

"మరి మొహమేంటి, నువ్వే నొప్పులు పడుతున్నట్టుంది?"

షెరీత్ ఇపుయ్ కాళ్ళవైపు చూసింది. పొద్దున చూసినట్టే చూసింది. అతను సంచి విప్పి నేలమీద గుమ్మరించాడు. ఉలి, సుత్తి, వాటితోపాటు పాలరాతి ముక్కలు. నీటిగుర్రం మొహం సగం. పొట్టలో ఒక చిప్ప. తేనెరంగు చారలు ఎండకి వెలిగాయి. పెన్నుబ్ కల్లు ముంత కింద పెట్టాడు. కాపలావాడు లేచి నిలబడ్డాడు.

హునెరో ఆ చారలవైపు చూసింది. ఇన్నేళ్ళు వాటిమీద నూనె రాసింది. సంతలో పడవవాడి దగ్గర కొన్నానని ఇపుయ్ చెప్పిన రాయి అది.

ఇపుయ్ మోకాళ్ళమీద కూర్చున్నాడు. మేస్త్రీకి ఎదురుగా కాదు, షెరీత్‌కి ఎదురుగా.

"నేనే తీశానమ్మా. ఈ రాయి పడవవాడిది కాదు. మేస్త్రీ, నీకు తెలుసు ఈ చారలు. సమాధుల లోయలో, చనిపోయిన పాత రాజుగారి రాతి శవపెట్టె మూత చెక్కినప్పుడు మూలన ఒక పెచ్చు లేచింది. ఊడ్చి పారేసేదే కదా అనుకున్నాను. నడుముగుడ్డలో చుట్టుకుని తెచ్చాను. అప్పుడే ఆనీ పెళ్ళి. కోడలికి మంచి తల్లి కావాలి, ఒండ్రుబొమ్మా మనకి, నేను రాతిపనివాణ్ణి కదా అనుకున్నాను. నా గొప్ప కోసం చెక్కాను. చచ్చినవాడు పడుకునే రాయితో పుట్టబోయేవాళ్ళకి కాపలా చేశాను. మొదటి బిడ్డ ఏడవలేదు. అప్పుడు నాకేం తోచలేదు. రెండో బిడ్డను బుట్టలో పెట్టినప్పుడు తెలిసింది. రాజుగారు తన రాయికి బదులు తీసుకుంటున్నాడని. అప్పుడే చెప్పి ఉంటే నా ముక్కో చెవులో పోయేవి, అంతే. చెప్పలేదు. ఇంట్లోవాళ్ళు రోజూ దానికి తేనెరొట్టె పెడుతుంటే చూస్తూ ఊరుకున్నాను. వాబెత్‌కి మళ్ళీ నెలలు నిండాయి. రాత్రి నిద్రపట్టక లేచి, చప్పుడు కాకుండా సుత్తికి గుడ్డ చుట్టి కొట్టాను. పాదాలు రాలేదు. తెల్లారిపోతోంది. షెరీత్ వచ్చే చప్పుడైంది. అప్పటికే చేసిన మట్టితల్లిని కోడలి తలవైపు చాపకింద దాచి డాబా ఎక్కాను. మా ఆడది అరిచినప్పుడు చెప్పాల్సింది. ఈ పిల్ల పేరు ఎత్తినప్పుడు చెప్పాల్సింది. దేవుడి కింద నిలబడ్డప్పుడు, ఈ ఊరి మనిషేనా అని నువ్వడిగితే, ఆయన ఔనన్నాడు మేస్త్రీ, నా మెడమీద ఎంత బరువేశాడో. నా పేరు అడుగుతావేమోనని వణికిపోయాను. నువ్వు దీని పేరు అడిగావు. ఆయన వెనక్కి లాగాడు. నా భుజం ఇప్పటికీ నొప్పిగా ఉంది, అంత గట్టిగా లాగాడు. నేను మడమెత్తి ముందుకు నెట్టాను. ఆ అడుగు దేవుడిది కాదు, నాది. నువ్వు నా కాళ్ళవైపు చూశావు తల్లీ. నీకు అప్పుడే తెలుసు. దాసీదానివి, నీ మాట ఎవరు వింటారని నెట్టాను. మేస్త్రీ, ముందు ఈ పిల్ల కట్లు విప్పించు. నా కోడలు ఇటుకలెక్కకుండా దీనికోసం చూస్తోంది. అదిగో ఆ తాడే తీసి నా చేతులకి కట్టండి. వేరే తాడు వెతకొద్దు."